సార్జెంట్ గారి ఖైదీ

నేను సైన్యంలో ఎన్నడూ పనిచేయలేదు. అయినా ఏడాదికి నాలుగైదు శని, ఆదివారాలు ఒక కోటకు కాపలా కాస్తుంటాను. ఆ కోట ఆర్కన్సాలో, బెంటన్‌విల్ నుంచి కారులో గంటన్నర దూరంలో, ఒక ఏటి ఒడ్డున ఉంది. దాని మీదికి ఎవరూ దండెత్తి రారు. వచ్చేవాళ్ళు బుద్ధిగా పార్కింగ్ లాట్‌లో కారు పెట్టి, టికెట్ కొనుక్కుని వస్తారు.

ఈ దేశంలో ఉత్తరాది వాళ్ళు నీలం కోట్లు, దక్షిణాది వాళ్ళు బూడిద రంగు కోట్లు వేసుకుని ఒకళ్ళనొకళ్ళు చంపుకున్న అంతర్యుద్ధం ముగిసి నూటయాభై ఏళ్ళు దాటింది. దాన్ని ఇప్పటికీ సెలవు రోజుల్లో వేషం కట్టి ఆడేవాళ్ళు చాలామంది ఉన్నారు. మొదటిసారి చూసినప్పుడు నాకు మా ఊరి పగటివేషగాళ్ళు గుర్తొచ్చారు. కాకపోతే వీళ్ళు ఎవరినీ చెయ్యి చాచి అడగరు, బొత్తాం దగ్గర్నుంచి బూటు మేకు దాకా సొంత ఖర్చుతో చేయించుకుంటారు. వాళ్ళలో ఎక్కువమందికి యుద్ధమే కావాలి. పొగ రావాలి, ఫిరంగి పేలాలి, జనం చూస్తుండగా గడ్డిలో పడి చావాలి. మా కంపెనీ, అంటే మా సిపాయిల దళం, అలాంటిది కాదు. యుద్ధం ఇంకెక్కడో జరుగుతుంటే కోటలో మిగిలిపోయి, కట్టెలు కొట్టుకుంటూ, నీళ్ళు మోసుకుంటూ, గేటు దగ్గర నిలబడి ఆవలిస్తూ గడిపిన సిపాయిల బతుకు చూపించడం మా పని.

నేను ఇందులో ఇరుక్కున్నది చర్చి వల్ల. మా తెలుగు చర్చి ఆదివారం మధ్యాహ్నాలు ఒక అమెరికన్ చర్చి హాలులో జరుగుతుంది. ఆ చర్చి పెద్ద ఒకాయన, ఇన్సూరెన్స్ ఏజెంటుగా పనిచేసి రిటైరైన మనిషి, మా ఆరాధన అయ్యేదాకా వెనక బెంచీలో కూర్చుని, తలుపులు వేసుకుని వెళ్ళేవాడు. ఒక ఆదివారం నేను కుర్చీలు సర్దుతుంటే దగ్గరికొచ్చి, మీ ముత్తాతలు ఎవరైనా సివిల్ వార్‌లో పోరాడారా అని అడిగాడు. మా ముత్తాత అప్పుడు బాపట్ల దగ్గర ఎవరి చేలోనో కూలికి పోతూ ఉండుంటాడని చెప్పాను. ఆయన ముఖం వెలిగిపోయింది. ఈ చుట్టుపక్కల అందరి ఇళ్ళల్లోనూ బూడిద రంగు కోటు వేసుకున్న ముత్తాత ఒకడుంటాడు. నీలం కోటు వేసుకోవడానికి, అందులోనూ గేటు దగ్గర ఊరికే నిలబడడానికి మనుషులు దొరకరు. ఆ గొడవలో తాతలు లేనివాళ్ళం మేమే. ఆ కోట కంపెనీని నడిపేది ఆయనే, అలా ఆయన మా సార్జెంట్ అయ్యాడు, నేను సిపాయినయ్యాను.

నేను ఒక్కణ్ణే చిక్కుకోవడం ఇష్టంలేక ఆఫీసులో నా పక్క సీటు కుర్రాణ్ణి కూడా లాగాను. కుర్రాడంటే ముప్పై దాటినవాడే. కరీంనగర్ మనిషి. నోరు మూతపడదు, ఎవరితోనైనా క్షణంలో చుట్టరికం కలిపేస్తాడు. నన్ను అన్నా అంటాడు. మా ఆవిడ మా ఇద్దరినీ మొదటిసారి ఆ కోట్లలో చూసినప్పుడు మా చుట్టూ ఒకసారి తిరిగి చూసింది. తర్వాత, "ఇంట్లో లాండ్రీ ఫోల్డ్ చెయ్యమంటే నడుం నొప్పి అంటారు. అక్కడికెళ్ళి కట్టెలు కొడతారా? ఎంత పే చేస్తారేంటి?" అంది. ఏమీ ఇవ్వరు, మనమే కడతాం అన్నాను. ఆవిడ దండం పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

తెల్లవారుతూనే డోలు మోగుతుంది. డోలు కొట్టే ఆయన ఊళ్ళో పళ్ళ డాక్టరు. ఆయన క్లినిక్‌లో ఎంత సున్నితంగా ఉంటాడో తెలియదు గానీ, డోలు మీద మాత్రం జాలి చూపడు. లేచి వరసలో నిలబడితే సార్జెంట్ హాజరు పిలుస్తాడు. నా పేరు ఆయన నోట్లో ప్రతిసారీ కొత్త చోట విరుగుతుంది. తర్వాత పనులు పంచుతాడు. కొందరు కట్టెలకు, కొందరు ఏటి నీళ్ళకు, మిగతావాళ్ళు మైదానం ఊడవడానికి, లేకపోతే గోడలకు సున్నం కొట్టడానికి. సున్నం కొట్టిన గోడకే మళ్ళీ సున్నం కొడతాం. నిజం సిపాయిలు కూడా అలాగే కొట్టేవారట, ఖాళీగా ఉంటే కొట్టుకు చస్తారని పై అధికారులు ఏదో ఒకటి చేయిస్తూ ఉండేవారట.

కోటు మందపాటి ఉన్ని. ఆర్కన్సా ఎండలో అది వేసుకున్న అరగంటకు గొర్రెల మీద నిజంగా జాలి పుడుతుంది. బిస్కెట్లు పలకల్లా ఉంటాయి, కాఫీలో నానబెట్టి చప్పరించాలి గానీ కొరికితే మళ్ళీ పళ్ళ డాక్టరు దగ్గరికే పోవాలి. కాఫీ గింజల్ని పెనం మీద మాడ్చి, తుపాకీ మడమతో దంచి, మరిగే నీళ్ళలో వేస్తారు. మొదటి రోజు నేను పాలేవి అని అడిగాను. కంపెనీ మొత్తం ఆ మాట ఇప్పటికీ చెప్పుకుని నవ్వుకుంటుంది.

ఇక కాపలా. వంతులవారీగా గేటు దగ్గర, బురుజు మీద, ఏటి రేవు దగ్గర నిలబడాలి. కూర్చోకూడదు, దేనికీ ఆనుకోకూడదు, వంతు మార్చే మనిషి వచ్చేదాకా కదలకూడదు. ఎదురుగా ఏరు, ఏటి అవతల చెట్లు. ఏమీ జరగదు. టికెట్ కొనుక్కుని వచ్చినవాళ్ళు నన్ను చూసి ఇండియన్ అంటే ఏ తెగ అని అడుగుతారు. ఈ దేశపు ఆదివాసీ ఇండియన్ని కాదు, ఇండియా నుంచి వచ్చాను అని చెప్తే, మరి ఈ కోటలో నీకేం పని అన్నట్టు చూస్తారు. ఒకసారి సార్జెంట్ అది విని వచ్చి, ఆ రోజుల్లో ఎక్కడ పుట్టినవాడని ఎవరూ అడగలేదు, నిలబడగలడా లేదా అనే చూశారు, ఇతను నిలబడగలడు అన్నాడు. ఆ మాటకు నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. పదిహేనేళ్ళ ఉద్యోగంలో ఏ మేనేజరూ నా గురించి అంత మాట అనలేదు.

నిజం చెప్పాలంటే ఆ పని నాకు నచ్చింది. ఆఫీసులో ప్రతిదీ అర్జెంటు. ప్రాజెక్ట్ ఎక్స్‌టెండ్ అవుతుందా, వీసా స్టాంపింగ్ ఏమవుతుంది, గ్రీన్ కార్డ్ లైను కదిలిందా అని ఎదురుచూస్తూనే మిగతా పనులన్నీ చేయాలి. కోటలోనూ ఎదురుచూపే. కాకపోతే ఇక్కడ ఎదురుచూడ్డమే పని, అది చేస్తే చాలు, ఇంకేమీ అడగరు.

సార్జెంట్ మాత్రం కొరకరాని కొయ్య. ఆ కాలంలో లేని వస్తువేదీ కోటలోకి రాకూడదు. మా కరీంనగర్‌వాడు శనివారం మాంసం ముట్టడు, వెంకన్న మొక్కు. కోటలో శనివారం భోజనమేమో ఉప్పులో ఊరిన పంది మాంసం. అందుకని వాడు ఇంటి నుంచి పులిహోర కలుపుకొస్తాడు. మొదటిసారి సార్జెంట్ గేటు దగ్గర ఆపి, అన్నం ఆ కాలంలో ఉంది, చింతపండు కూడా ఉంది, ఈ స్టీల్ డబ్బా లేదు అన్నాడు. వాడు ఎంత బతిమాలినా చెవిన వేసుకోలేదు. పులిహోరని ఒక గుడ్డలో మూట కట్టించి డబ్బాని కారుకి పంపించేదాకా ఆయనకు మనసు కుదుటపడలేదు.

డబ్బా సంగతే అంత అయితే సెల్‌ఫోన్ సంగతి చెప్పనక్కర్లేదు. శుక్రవారం సాయంత్రం అందరి ఫోన్లూ గార్డ్ రూమ్‌లో ఉన్న చెక్కపెట్టెలోకి పోతాయి. ఆదివారం మధ్యాహ్నం దాకా పెట్టె తెరవరు. ఒక్కటి మాత్రం ఉంది. ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాలేదని తెలిస్తే ఆ మనిషిని గేటు దాటి రానివ్వడు. ఇంటికి పో అంటాడు. ఇంకో మాట మాట్లాడనివ్వడు.

దానికి కారణం కంపెనీలో అందరికీ తెలుసు. మూడేళ్ళ కిందట ఆయన భార్య ఆస్పత్రిలో ఉండగా ఈయన కాపలాకి వచ్చాడు. డాక్టర్లు ఇంకా టైముందన్నారట. కొడుకు మాత్రం ఈ ఒక్కసారి వెళ్ళొద్దని అడిగాడట. శనివారం మధ్యాహ్నం కొడుకు ఫోన్ చేశాడు. ఫోన్ పెట్టెలో ఉంది. ఆయన కాపలాలో ఉన్నాడు. ఆదివారం పెట్టె తెరిచి చూసేసరికి ఆవిడ లేదు. పాపం ఆ రోజు ఏటి రేవు దగ్గర నిలబడ్డాడు, అంత దూరం ఫోన్ మోత ఎలా వినపడుతుంది అని కంపెనీవాళ్ళు ఎవరడిగినా చెప్తారు. నాకూ అలాగే చెప్పారు.

అప్పటి నుంచి తండ్రీకొడుకులకు మాటల్లేవు. కొడుకు అంతకుముందు మా కంపెనీలోనే నీలం కోటు వేసుకునేవాడు. అంత్యక్రియలయ్యాక ఏరు దాటి బూడిద రంగు కోటు కంపెనీలో చేరిపోయాడు. అవతలి గట్టున వాళ్ళ గుడారాలు, ఇవతల మా కోట. ఏడాదికి నాలుగైదుసార్లు ఇద్దరూ ఏటికి చెరోవైపు నిలబడతారు, ఒకరిని ఒకరు చూసుకుంటారు. అంతే. కొడుక్కి ఆ తర్వాత పాప పుట్టింది. తాత ఇంతవరకు దాన్ని చూడలేదు. కిందటి వసంతంలో ఇంకో కబురు తెలిసింది. కొడుక్కి అలాస్కాలో ఉద్యోగం వచ్చింది, వచ్చే నెలలో భార్యాబిడ్డలతో వెళ్ళిపోతున్నాడు. ఆ వసంతం క్యాంపే అతనికి ఆఖరిది. ఇప్పుడు మాట్లాడుకోకపోతే ఇక మాట్లాడుకోరని మాకందరికీ తెలుసు. అయినా ఎవరూ నోరు మెదపలేదు. అమెరికావాళ్ళకు అది మర్యాద. ఒకరి ఇంటి విషయంలో తలదూర్చరు.

ఆ క్యాంపులో శనివారం కార్యక్రమం మామూలుదే. మధ్యాహ్నానికి అవతలివాళ్ళు ఏరు దాటి వచ్చి కాస్త హడావిడి చేస్తారు. ఇటూ అటూ ఉత్తుత్తి తుపాకులు పేలుస్తాం. చీటీలు వేసుకుని వాళ్ళలో ఒకడు మాకు చిక్కుతాడు. అతన్ని సాయంత్రం దాకా గార్డ్ రూమ్‌లో ఖైదీగా ఉంచితే జనం కిటికీలోంచి తొంగి చూసి ఫోటోలు తీసుకుంటారు. ఆ రోజు చీటీ సార్జెంట్ కొడుక్కి పడింది. చీటీయే పడిందో, కావాలనే వచ్చాడో నాకు ఇప్పటికీ తెలియదు.

గార్డ్ రూమ్ దగ్గర కాపలా నాదీ మావాడిదీ. ఖైదీని తెచ్చి లోపల బెంచీ మీద కూర్చోబెట్టారు. ముప్పై అయిదేళ్ళుంటాయేమో, తండ్రిలాగే పొడుగు, తండ్రి గడ్డమే. నియమం ప్రకారం సార్జెంట్ వచ్చి ఖైదీని చూడాలి. వచ్చాడు. గుమ్మంలో నిలబడి బెంచీని చూశాడు, బెంచీ మీద మనిషిని కాదు. "ఖైదీకి నీళ్ళివ్వండి," అని మాతో చెప్పి వెళ్ళిపోయాడు. ఆ వెళ్ళడం చూస్తే నాకు కోపం వచ్చింది. ఇంత పెద్దమనిషివి, కన్నకొడుకు అయిదడుగుల దూరంలో కూర్చుంటే నీళ్ళ సంగతా నువ్వు మాట్లాడేది అనిపించింది.

జనం భోజనాలకు వెళ్ళారు. మావాడు పులిహోర మూట విప్పాడు. నియమం ప్రకారం ఖైదీకి బిస్కెట్టు, నీళ్ళు మాత్రమే. కాని ఎదురుగా ఒక మనిషి ఊరికే కూర్చుని ఉంటే మేము తినడమా? అది మాకు చేతకాదు. మావాడు రేకు పళ్ళెంలో సగం పైన పెట్టి లోపలికి పట్టుకెళ్ళాడు. నేను గుమ్మంలో నిలబడ్డాను. ఖైదీ మొహమాటపడ్డాడు, తర్వాత చేత్తోనే తిన్నాడు. ఎండుమిరపకాయ కొరికి కళ్ళ నీళ్ళు పెట్టుకున్నాడు. చాలా బాగుందన్నాడు.

మావాడికి అది చాలు. అతని పక్కనే గొంతుక్కూర్చుని మొదలుపెట్టాడు. పెళ్ళయి ఎన్నాళ్ళయింది, ఒక్క పాపేనా, అలాస్కాలో ఇల్లు రెంటా ఓనా, జీతం ఇక్కడికంటే ఎక్కువేనా. నేను దగ్గాను. వాడు నా దగ్గు వినిపించుకోలేదు. చివరికి, "మీ నాన్నతో ఎందుకు మాట్లాడవు?" అని సూటిగా అడిగేశాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

ఖైదీ కోప్పడతాడనుకున్నాను. కోప్పడలేదు. ఈ మూడేళ్ళలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదన్నాడు. ఆయన ఆ రోజు గురించి ఒక్కసారి కూడా నోరు విప్పలేదు, అంత్యక్రియల రోజున కూడా వాతావరణం గురించి మాట్లాడాడు, ఆయన మాట్లాడేదాకా నేను అడగను అన్నాడు. ఆ చెప్పడంలో పంతం ఉంది, ఏడుపూ ఉంది. రెండూ దాచుకోవడం అతనికి సరిగ్గా రాలేదు.

అప్పుడు మావాడు అన్నాడు, కన్ను కూడా ఆర్పకుండా: "పొద్దున్నుంచి మీ నాన్న నీ గురించే అడుగుతున్నాడు. ఇప్పుడు కూడా, ఖైదీ ఏమైనా తిన్నాడా, జాగ్రత్తగా చూసుకోండి అని చెప్పి వెళ్ళాడు."

ఖైదీ చెయ్యి పళ్ళెంలోనే ఆగిపోయింది. "నిజంగా?" అన్నాడు.

"నిజంగా," అన్నాడు మావాడు.

నేను వాణ్ణి చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చాను.

"ఏంటయ్యా అది? ఆయన ఎప్పుడడిగాడు?"

"అడగలే. అయితే ఏందన్నా?"

"అయితే ఏందంటావేంటి? ఫేస్ మీదే అబద్ధం చెప్పేశావు."

"గట్ల గాదన్నా. మనసుల అడిగే ఉంటడు గదా. నోట్లె నుంచి రాలే అంతే. మనం చెప్తున్నం. హెల్ప్ చేస్తున్నం."

"ఇది కరీంనగర్ కాదు. వీళ్ళు డైరెక్ట్‌గా వెళ్ళి కన్ఫర్మ్ చేసుకుంటారు."

"కొడుకెట్ల కన్ఫర్మ్ చేస్తడు? మాట్లాడుకుంటలేరు గదా," అన్నాడు వాడు, అదేదో పెద్ద లాజిక్ లాగా.

నేను ఇంకా వాణ్ణి తిట్టబోతున్నాను, ఇంతలో సార్జెంట్ వచ్చాడు. కాపలాలన్నీ చూసుకుంటూ తిరుగుతున్నాడు. ఎడమ మోకాలు నొప్పి, ఆ రోజు మరీ ఈడుస్తున్నాడు. మా ముందు ఆగి, అంతా సవ్యంగా ఉందా అని అడిగాడు. ఉంది సార్జెంట్ అన్నాను. ఆయన వెళ్ళలేదు. గార్డ్ రూమ్ తలుపు వైపు ఒకసారి చూసి, మళ్ళీ ఏటి వైపు చూశాడు. అలా రెండుసార్లు చూశాడు. ఆ ముఖం చూసి నా నోరు నా మాట వినలేదు.

"మీ మోకాలు ఎలా ఉందని ఖైదీ అడిగాడు, సార్జెంట్," అన్నాను.

పక్కన మావాడు నా కాలు తొక్కాడు.

ఇక్కడ మా ఇళ్ళల్లో ఒక పద్ధతి గురించి చెప్పాలి. మా మేనత్త ఒకావిడ ఉండేది. మా నాన్న, పెదనాన్న ఏడాది పాటు మాట్లాడుకోకపోతే ఆవిడే కలిపింది. ఈయన దగ్గరికెళ్ళి, అన్నయ్య నీ గురించే బెంగపడుతున్నాడురా అనేది. ఆయన దగ్గరికెళ్ళి, తమ్ముడు చిక్కిపోయాడన్నయ్యా, నువ్వు బాగున్నావా అని అడిగాడు అనేది. ఎవరూ ఏమీ అడగలేదని అందరికీ తెలుసు. ఆవిడకూ తెలుసు, వాళ్ళకూ తెలుసు. కాని ఎవరూ ఆరా తీయరు. ముందుగా తగ్గానన్న చిన్నతనం ఎవరికీ లేకుండా, అవతలివాడే అడిగాడు కదా అన్న వంకతో ఇద్దరూ ఒక పెళ్ళిలో పక్కపక్కన కూర్చుంటారు. అబద్ధమాడింది మధ్యవాళ్ళు, కాబట్టి ఆ పాపమూ మధ్యవాళ్ళదే. మా వైపు ఇలాంటి మధ్యవాళ్ళు లేకపోతే ఏ కుటుంబమూ నిలబడదు. నేనూ మావాడూ ఒకరితో ఒకరు అనుకోకుండానే ఆ పనిలోకి దిగిపోయాం. మేము మరిచిపోయిందల్లా ఒక్కటే. ఆ పద్ధతి తెలియాల్సింది మధ్యవాళ్ళకు కాదు, అటూ ఇటూ ఉన్నవాళ్ళకు.

సార్జెంట్‌కి తెలియదు. ఆయన నా మాట విన్నాడు, తలాడించాడు, నేరుగా గార్డ్ రూమ్‌లోకి నడిచాడు.

"అయిపాయె," అన్నాడు మావాడు.

తలుపు తెరిచే ఉంది. మాకు అంతా కనిపిస్తోంది, వినిపిస్తోంది.

"నా మోకాలు ఎలా ఉందని అడిగావట," అన్నాడు సార్జెంట్. గొంతు ఎప్పటిలా లేదు, కాస్త మెత్తగా ఉంది.

కొడుకు లేచి నిలబడ్డాడు. "లేదే. నేనేమీ అడగలేదు. నేను తిన్నానా అని నువ్వు అడిగావట కదా?"

"నేను అడగలేదు."

ఇద్దరూ ఒకేసారి తలుపు వైపు తిరిగి మమ్మల్ని చూశారు. ఈ దేశంలో నేను చాలా మీటింగుల్లో దొరికిపోయాను. ఇంతలా ఎప్పుడూ దొరకలేదు.

సార్జెంట్ మమ్మల్ని లోపలికి పిలిచాడు. వెళ్ళి నిటారుగా నిలబడ్డాం. ఇది ఎవరి పని అని అడిగాడు. నేను నీళ్ళు నమిలాను. మావాడే ధైర్యం చేశాడు. మా దగ్గర ఇలాగే చెప్తాం సార్జెంట్, కోపంలో ఉన్నవాళ్ళు అడగలేరు, అందుకని మధ్యలో ఉన్నవాళ్ళం అడిగినట్టు చెప్తాం, మా ఇళ్ళల్లో ఇది తప్పు కాదు అన్నాడు.

"అంటే అబద్ధం," అన్నాడు సార్జెంట్.

"అబద్ధమే," అన్నాడు మావాడు, తలదించుకుని.

మమ్మల్ని కంపెనీ నుంచి పంపించేస్తాడనుకున్నాను. అంతకంటే, ఉన్న ఒక్క అవకాశాన్నీ మేమే పాడుచేశామన్న దిగులు ఎక్కువగా ఉంది. కొడుకు అప్పటికే టోపీ తీసుకున్నాడు. మావాళ్ళకు కబురు పెట్టండి, సాయంత్రం దాకా ఎందుకు, ఇప్పుడే వెళ్ళిపోతాను అన్నాడు.

సార్జెంట్ గుమ్మానికి అడ్డంగా ఉన్నాడు. పక్కకు జరగలేదు. మా వైపే చూస్తూ మాట్లాడాడు.

"మా దగ్గర కూడా ఒకటి చెప్తారు. ఆ శనివారం నేను ఏటి రేవు దగ్గర ఉన్నానని, ఫోన్ వినపడే దూరం కాదని. మనవాళ్ళు మంచితనం కొద్దీ చెప్తున్నారు. నేను ఎన్నడూ కాదనలేదు."

కొడుకు కదలకుండా నిలబడ్డాడు.

"నేను రేవు దగ్గర లేను," అన్నాడు సార్జెంట్. ఇప్పుడు కొడుకు వైపు తిరిగాడు. "ఇక్కడే, ఈ తలుపు బయట, వీళ్ళిద్దరూ నిలబడే చోట ఉన్నాను. అది మోగింది. నాదేనని తెలుసు. ఆగిపోయి మళ్ళీ మోగింది. వంతు మారాక చూద్దామనుకున్నాను. వంతు మారాక తెరవడానికి భయమేసింది. తెరిస్తే ఏం వినాలోనని. ఆదివారం దాకా అలాగే ఉండిపోయాను. మీ అమ్మ నన్ను పిలిచింది, నేను వెళ్ళలేదు. ఆ మాట నీతో ఎలా చెప్పాలో నాకు తెలియలేదు."

ఆయన ఏడవలేదు. హాజరు పిలిచినట్టే చెప్పాడు. ఇక కొడుకు అరుస్తాడనుకున్నాను. మూడేళ్ళుగా ఆ మాట కోసమే కాచుకుని ఉన్నాడు కదా, ఇప్పుడు తిట్టడానికి హక్కు కూడా ఉంది.

కొడుకు చేతిలోని టోపీ మళ్ళీ బెంచీ మీద పెట్టాడు.

"అమ్మ పిలవలేదు డాడ్," అన్నాడు. "అమ్మకి తెల్లారినప్పటి నుంచే స్పృహ లేదు. ఎవరినీ పిలవలేదు. నర్సు వచ్చి ఇక ఎంతోసేపు లేదని చెప్పి వెళ్ళింది. గదిలో నేనొక్కణ్ణే ఉన్నాను. భయమేసింది. నువ్వు కావాలనిపించింది. నిన్ను పిలిచింది నేను."

కాపలా వేళ ఎవరూ కూర్చోకూడదని మాకు నూరిపోసిన మనిషి, తడుముకుంటూ వెళ్ళి ఆ బెంచీ మీద కూర్చున్నాడు. కొడుకు కాసేపు నిలబడే ఉండి, తర్వాత అదే బెంచీకి ఆ చివర కూర్చున్నాడు. మధ్యలో పులిహోర పళ్ళెం ఉంది.

నేను మావాడి కోటు అంచు పట్టుకుని బయటికి నడిపించాను. తలుపు దగ్గరికి వేశాం, గడియ పెట్టలేదు. తుపాకులు పట్టుకుని చెరోవైపు నిలబడ్డాం. భోజనాలయ్యాక జనం కిటికీ దగ్గరికి వచ్చారు. ఖైదీని ఇప్పుడు చూడకూడదు అని చెప్పాను. కొందరు గొణుక్కున్నారు. పళ్ళ డాక్టరు డోలు మెడకు తగిలించుకుని వచ్చి, సార్జెంట్ ఏడీ, మధ్యాహ్నం వరస మొదలుపెట్టాలి అన్నాడు. మావాడు తుపాకీ అడ్డం పెట్టాడు. డాక్టరు మా ముఖాలు చూసి, ఏమీ అడగకుండా వెళ్ళి మైదానం అవతల కూర్చున్నాడు.

ఎండ గోడ దిగిపోతుండగా లోపల్నుంచి సార్జెంట్ గొంతు వినిపించింది. చాలాసేపు మాట్లాడని గొంతులా బొంగురుగా ఉంది.

"పాప ఎవరి పోలిక?" అని అడుగుతున్నాడు.

మావాడు నా వైపు చూశాడు. ఎవరి పోలికో తెలుసుకోవాలని వాడికి ప్రాణం కొట్టుకుపోతోంది, నాకు తెలుసు, నాకూ అంతే. కొడుకు ఏదో చెప్పాడు. మాకు వినపడలేదు. ఒక్క అడుగు జరిగితే వినపడేది. ఇద్దరం ఉన్నచోటే నిలబడ్డాం.